ఆ బండి నా చేతికే వచ్చింది

కిరండూల్

ముత్తక్కకు నీ తమ్ముడు కన్నయ్య దండాలు పెట్టి రాస్తున్నది. నేను ఇక్కడ బాగున్నాను. నీ కాలు ఎలా ఉంది? కర్ర పట్టుకుని వాకిలి దాకా వస్తున్నావని పెద్దనాన్న కబురు పంపాడు, ప్రాణం లేచి వచ్చింది. అమ్మ దగ్గు తగ్గిందా? పాప బడికి పోతోందా?

ఇక్కడ చలి ముదిరింది. పొద్దున కొండ కనబడదు. ఎర్రదుమ్ము ఎంత కడిగినా గోళ్లలోంచి పోదు. మెస్సులో పప్పు నీళ్లలా ఉంటుంది. అయినా బెంగ పెట్టుకోకు, బాగానే తింటున్నాను. వీలైతే అమ్మ చేతి చింతకాయ తొక్కు ఎవరితోనైనా పంపు.

గని లారీలూ బయటి బళ్లూ బాగుచేసే షెడ్డులో నన్ను బ్రేకుల పనిలో పెట్టారు. గని లారీ బ్రేకు కాస్త జారినా గేటు దాటనివ్వరు. రాళ్లు మోసే బండికి ఆ జాగ్రత్త చూసినప్పుడల్లా మిమ్మల్ని మిర్చి కోతకు తోలుకెళ్తూ బ్రేకులు పడక బోల్తాపడ్డ బండి గుర్తొచ్చి పళ్లు కొరుక్కుంటాను.

పోయిన మంగళవారం ఆ బండే వచ్చింది అక్కా. నీలం రంగు వేశారు గానీ నంబరు అదే. ఆసుపత్రిలో నీ మంచం పక్కన కూర్చుని బట్టీ పట్టిన నంబరు. వెనకే మోటార్ సైకిల్ మీద కూలీలను కుదిర్చే ఠేకేదారు రాజన్న వచ్చి దిగాడు. బావను చంపి, నీ కాలు తీసేసి, ఆ బండి తనది కాదని, కూలీలను తాను ఎక్కించలేదని పోలీసు థానాలో చెప్పి తప్పించుకున్నవాడు. నన్ను గుర్తుపట్టలేదు.

"బ్రేకులు పడ్తలేవు. జల్దీ చేసియ్యి. ఎల్లుండి మిర్చి కోతకు మనుషుల్ని తోలాలె."

"ఎంతమంది?"

"నలభై దాకా."

"ఇది సామాను బండి గదా?"

"ఏందయ్యా నీ గోల! కూలోళ్లు సర్దుకుంటరు."

కిందికి దూరి చూశాను. పగిలిన బ్రేకు పైపుకు రబ్బరు చుట్టి తీగతో కట్టి ఉంది. నీ దగ్గర అబద్ధమెందుకు, అలాగే పంపేద్దామనుకున్నాను. చావనీ అనుకున్నాను. కానీ వాడు ఆ బండిలో కూర్చోడు కదా! ఆ రోజు కూడా మీ వెనక మోటార్ సైకిల్ మీదే వచ్చాడు. చచ్చేది మళ్లీ మనలాంటివాళ్లే.

అందుకని పని కాగితం తెచ్చి ఒక్కొక్కటీ అడుగుతూ హిందీలో రాశాను. బండి ఎవరిది? తనదే. ఎప్పటినుంచి? రెండేళ్లనుంచీ, అంటే బావ పోకముందునుంచే. దేనికి? కూలీలను తోలడానికి. విసుక్కుంటూ చదివి సంతకం పెట్టాడు. వాడు హోటలుకు వెళ్లగానే నాలుగు చక్రాలూ ఊడదీశాను.

మా మేస్త్రీ శ్రీకాకుళం ఆయన. "ఏటిరా ఇది?" అని అడిగితే అంతా చెప్పాను. కాసేపు ఆ పైపు చూశాడు. "థానాకి ఎల్లిరా. బండి ఇక్కడినుంచి కదల్దు," అన్నాడు.

పోలీసులతో జీపులో దరోగా వచ్చాడు. కాగితం చూశాడు, పైపు చూశాడు. హోటలు నుంచి తిరిగొచ్చిన రాజన్న నా మీద అరిచాడు, "నీకేంది నొప్పి? నువ్వెవడివిరా?"

"నీ బండి కింద సచ్చినాయన మా బావ. కాలు పోయినామె మా అక్క," అన్నాను.

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "తమ్మీ, కూసోని మాట్లాడుకుందాం," అన్నాడు. ఆ చెయ్యి తీసి పక్కకు తోసేశాను. జీపు ఎక్కేటప్పుడు కాలు జారి తూలాడు. ఎవరూ పట్టుకోలేదు. నేను టీ తాగుతూ చూశాను. ఇక్కడికి వచ్చాక అంత రుచిగా ఏదీ తాగలేదు.

బండిని జప్తు చేశారు. పాత కేసు తిరగదోడుతున్నారు. మన ఊరు ఆవపల్లికి కబురు వస్తుంది, నువ్వు సాక్ష్యానికి రావాలి. నేను వచ్చి తీసుకొస్తాను. తెగిన కాలు కప్పుకోకు. వాడి ఎదురుగా కూర్చుని, ఆ పొద్దున బ్రేకులు పడటం లేదని డ్రైవరు చెప్పినా వాడు ఎలా ఎక్కించాడో ఒక్క మాటా వదలకుండా చెప్పు. వాడు తల తిప్పుకుంటే ఆగు. మళ్లీ చూశాక చెప్పు.

పెద్దలందరికీ నా దండాలు, పాపకు ముద్దులు. నన్ను దీవిస్తూ రెండు ముక్కలు రాయించు. కానీ అక్కా, వాడిని క్షమించమని మాత్రం రాయించకు.

నీ తమ్ముడు,
కన్నయ్య