ఇద్దరికీ చోటుంది

ప్లేనో,
జనవరి 2009

పిన్నీ,

నీ రేణు నమస్కారాలు. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని కంగారు పడకు. ఫోన్ చేద్దామంటే నువ్వు స్పీకర్ పెట్టి గిన్నెలు తోముకుంటూ మాట్లాడతావు. ఈమెయిల్ రాద్దామంటే భాస్కర్‌కీ నాకూ ఒకటే అకౌంట్. ఇది నువ్వొక్కదానివే చదవాలి.

ముందు ఒక మాట. నాకు మూడో నెల. భాస్కర్‌కి కూడా చెప్పలేదు. క్రితంసారి ఏం జరిగిందో నీకు తెలుసు. సంతోషం పట్టలేక గుడిలో తలా ఒక వంట తెచ్చుకునే పొట్లక్ నాడు అందరికీ చెప్పేశాడు. ఆ తర్వాత అంతా పోయింది. పోయాక కూడా ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటుంటే ఎవరో ఒక ఆంటీ, "ఎన్నో నెలమ్మా?" అని అడిగేది. బెండకాయలు అక్కడే వదిలేసి కార్‌లో కూర్చుని ఏడ్చేదాన్ని. భాస్కర్ ఆ సంగతి మళ్ళీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. అందుకే ఈసారి కడుపు కనబడేదాకా ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

పోయిన నెల సెలవుల్లో కొలరాడో వెళ్ళాం. స్కీ కొండల కింద ఒక జపాన్ ఆవిడ నడిపే సత్రం ఉంది. గడ్డి చాపల గదులు, కాగితపు తలుపులు, వెనక రాళ్ళ మధ్య వేడినీటి ఊట. ఆవిడ పేరు హనాకో గారు. పెళ్ళి చేసుకుని ఆ కొండల్లోకి వచ్చి యాభై ఏళ్ళు దాటిందట. వచ్చిన వాళ్ళందరికీ నూలు అంగీ ఒకటి ఇస్తారు. నేను తొడుక్కుని వస్తే ఆవిడ పరుగెత్తుకొచ్చి ముడి విప్పేసింది. ఎడమ అంచు పైకి రావాలట. కుడి అంచు పైన వేసి కట్టేది పోయినవాళ్ళకేనట. అలా చెప్పి, చంటిపిల్లకి కట్టినట్టు తనే కట్టింది.

మధ్యాహ్నం భాస్కర్ స్కీకి బయల్దేరాడు. "పాస్ నాన్-రిఫండబుల్ రేణూ. నువ్వు రిలాక్స్ అవ్వు, నాలుగింటికల్లా వచ్చేస్తా" అన్నాడు. నేను ఆడవాళ్ళ ఊట దగ్గరికి వెళ్ళాను. వేడినీళ్ళలో దిగవద్దని డాక్టర్ గట్టిగా చెప్పింది కాబట్టి గట్టు రాయి మీద కూర్చుని పాదాలు మాత్రం పెట్టాను. మంచు పడుతోంది. ఆవిరి పైకి లేస్తోంది. ఆ ఆవిరిలో ఒకావిడ కనబడింది. అంగీతోనే నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉంది. నా మెడలో నల్లపూసలు చూసి తెలుగులోనే పలకరించింది.

"ఏ ఊరమ్మా మీది?"

"ప్లేనో అండీ."

"మాది కాపెల్. పక్క పక్కనే అయితే!" అని నవ్వింది.

నాకు ప్రాణం లేచొచ్చింది పిన్నీ. ఆ మంచులో తెలుగు మాట వినబడితే ఎలా ఉంటుందో చెప్పు! ఆవిడ అంగీ కుడి అంచు పైన ఉంది. నాకు అప్పుడే అబ్బిన జ్ఞానం కదా, ఊరుకోలేక, "అలా కట్టుకోకూడదటండీ, మార్చుకోండి" అన్నాను.

ఆవిడ కిందికి చూసుకుంది. "నేను కట్టుకోలేదమ్మా. నాకు కట్టారు" అంది.

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు నా వైపు చెయ్యి చాచి, "గట్టు మీదే ఎందుకు, చలి. ఇద్దరూ దిగండి. ఇద్దరికీ చోటుంది" అంది.

నా వెనక ఎవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆవిడ నా పొట్ట వైపు చూస్తోంది. భాస్కర్‌కే తెలియని సంగతి ఈవిడకెలా తెలిసింది? ఇంకో సంగతి కూడా అప్పుడే గమనించాను. అంత ఆవిరిలోనూ ఆవిడ జుట్టు మీద పడ్డ మంచు కరగడం లేదు.

గబుక్కున లేచాను. భయంలో నోటికి అలవాటైన మాటే వచ్చింది. "వెళ్ళొస్తానండీ" అన్నాను.

"రా" అంది.

మర్నాడు గది ఖాళీ చేస్తూ ఇంకో తెలుగావిడ ఎవరని హనాకో గారిని అడిగాను. ఆవిడ మొహం పాలిపోయింది. అంగీ ఏ అంచు పైన ఉందని మాత్రం అడిగింది. చెప్పాను. కొన్నేళ్ళ కిందట కాపెల్ నుంచి ఒక జంట వచ్చారట. భార్యకి అయిదో నెల. భర్త స్కీకి వెళ్ళాడు. ఆ అమ్మాయి వేడినీళ్ళలో దిగి అలాగే పోయింది. మంచుకి దారి మూసుకుపోయి ఎవరూ రాలేకపోతే, హనాకో గారే స్నానం చేయించి తమ పద్ధతిలో అంగీ కట్టిందట.

"మీరు ఆమెకి ఏమని చెప్పి వచ్చారు?" అని అడిగింది. ఇంగ్లీషులో చెప్పాను. వచ్చిన ప్రతివాళ్ళకీ వంగి, మళ్ళీ రండి అనే మనిషి నాకు ఆ మాట చెప్పలేదు.

కేశవరావు బాబాయి పోయినప్పుడు మా క్లాస్‌మేట్ పవన్ గాడు క్యారీలో మీ గుమ్మం దిగుతూ, "వెళ్ళొస్తాం ఆంటీ" అన్నాడు. అంత దుఃఖంలోనూ నువ్వు, "నోర్ముయ్! చావింట్లో ఆ మాట అనకూడదు" అని కసిరావు. మేం బయటికొచ్చి నవ్వుకున్నాం. ఇప్పుడు నేను చావు ముఖం మీదే ఆ మాట అని వచ్చాను.

ఇంటికొచ్చిన రాత్రి పాదాలు చల్లబడ్డాయి. తర్వాత పిక్కలు. ఇప్పుడు మోకాళ్ళు దాటింది. హీటర్ ఎంత పెట్టినా ఒకటే. నీళ్ళలోకి మెల్లగా దిగుతున్నట్టుంది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందంది డాక్టర్. కానీ ఈ చలి పొట్ట దాకా వస్తే? నాకు భయంగా ఉంది పిన్నీ. మాట ప్రకారం ఒకసారి వెళ్ళి వచ్చేస్తే పోతుందా? నువ్వేం చెబితే అది చేస్తాను.

నీ
రేణు

⁂

క్యారీ,
ఫిబ్రవరి

రేణూ,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. తర్వాత నీ మీద కోపం వచ్చింది. కడుపుతో ఉన్నదానివి, కట్టుకున్నవాడికి చెప్పకుండా చలికి వణుకుతూ కూర్చున్నావా? ఈ పూటే భాస్కర్‌కి చెప్పు. వాడు ఆ సంగతి ఎత్తలేదంటే మరిచిపోయాడని కాదు. అప్పట్లో నాకు ఫోన్ చేసి, మాట రాక పెట్టేశాడు. ఆ సంగతి నీకు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదు.

నువ్వు మాత్రం ఆ కొండల వైపు తల తిప్పి కూడా చూడకు. ఒకసారి వెళ్ళి వచ్చేస్తుందట! వెళ్ళడం నీ చేతిలో ఉంది, రావడం నీ చేతిలో ఉందా? హనాకో గారితో మాట్లాడాను, గది బుక్ చేశాను. మన ఇంటి మనిషి ఇచ్చిన మాట, మన ఇంటి మనిషే వెళ్ళి చూసుకుంటుంది. నాకేం భయం లేదు. ముప్ఫై ఏళ్ళు ల్యాబ్‌లో ఎలుకలతో వేగినదాన్ని.

వేళకి తిను.

మీ పిన్ని
వసుమతి

⁂

క్యారీ,
మార్చి

నా తల్లీ రేణూ,

నిన్న నువ్వు ఫోన్ చేసి, కాళ్ళు వెచ్చబడ్డాయనీ సాక్సులు తీసి అవతల పారేశాననీ నవ్వుతుంటే నాకు కడుపు నిండిపోయింది. వెనకాల భాస్కర్, "ఆంటీ, డైలీ పాలు తాగమని మీరైనా చెప్పండి" అని అరవడం కూడా విన్నాను. అక్కడేం చేశావని అడిగితే, పసుపూ కుంకుమా నీళ్ళలో కలిపి దండం పెట్టి వచ్చానన్నాను. అది అబద్ధం. నీ దగ్గర దాచలేక రాస్తున్నాను.

నేను వెళ్ళిన రోజు కూడా మంచు పడుతోంది. నువ్వు కూర్చున్న రాయి మీదే పాదాలు నీళ్ళలో పెట్టి కూర్చున్నాను. ఒక ఉపాయం వేసుకుని వెళ్ళాను. రేణు రాదు, దాన్ని వదిలెయ్యి అని చెప్పి, చావింట్లోంచి లేచినట్టు ఒక్క మాటా అనకుండా లేచి వచ్చేద్దామని. చాలాసేపటికి ఆవిరిలోంచి, "వచ్చావా?" అని వినబడింది.

"రేణు కాదమ్మా. దాని పిన్నిని."

"తను వస్తానంది."

"అది రాదు. దానికి కడుపులో పిల్ల ఉంది."

"నాకూ ఉంది" అంది.

చిన్నపిల్ల రేణూ. నీకంటే చిన్నది. పెదవులు నీలంగా ఉన్నాయి. తనే చెప్పుకొచ్చింది. "నాలుగింటికి వచ్చేస్తానని ఆయన కొండెక్కారు. నాకు చలేసి దిగాను. తర్వాత ఆయన రాలేదు. మా అమ్మ వస్తానంది, వీసా రాలేదట. ఇక్కడ స్నానానికొచ్చిన వాళ్ళు నన్ను చూడరు. చూసింది మీ రేణు ఒక్కతే. వస్తానని చెప్పింది కూడా తనొక్కతే."

వేసుకున్న ఉపాయమంతా మరిచిపోయాను. ఆ పిల్లని అలా వదిలేసి మౌనంగా లేచి రావడానికి నాకు మనసొప్పలేదు. వంగి దాని నెత్తి మీద మంచు చేత్తో దులిపాను. చెయ్యి కొంకర్లు పోయింది.

"ఇదిగో చూడు" అన్నాను. "రేణు మాట నాకిచ్చెయ్యి. దాని బదులు నేను వస్తాను. కానీ నన్ను తొందరపెట్టకూడదు. దానికి పురుడు పోయాలి. పిల్లకి తలంటి పోయాలి, దాని చేత అ ఆలు దిద్దించాలి. అవన్నీ అయ్యాక వస్తాను. నీకూ నీ బిడ్డకీ తోడుంటాను. అప్పటిదాకా ఎవర్నీ పిలవకు."

"నిజంగా వస్తావా?" అంది.

అప్పుడన్నాను. ఆ పవన్ పిల్లాణ్ణి కసిరిన నోటితోనే, తెలిసి తెలిసి, ఒక్కొక్క అక్షరం ఒత్తి పలికి, "వెళ్ళొస్తానమ్మా" అన్నాను. నేను చెప్పులు తొడుక్కుని తిరిగి చూసేసరికి నీళ్ళ మీద ఆవిరి తప్ప ఏమీ లేదు.

ఏడవకు. మీ బాబాయి పోయాక నేను రోజులు గడుపుతున్నానే కానీ దేనికోసమూ ఎదురుచూడలేదు. ఇప్పుడు ఎదురుచూడ్డానికి బోలెడుంది. నా పాదాలు చల్లగానే ఉన్నాయి. చలి చీలమండల దాకా వచ్చి ఆగింది. తొందరపెట్టొద్దన్నాను కదా, మాట వింది. మంచి పిల్ల. పేరు విద్యట. ఆడపిల్ల పుడితే ఏ పేరైనా పెట్టుకో కానీ ఆ పేరు పెట్టకు. పిలిస్తే తనే అనుకుని వస్తుంది.

పురిటికి ముందే ప్లేనో వస్తాను. మందపాటి ఉన్ని సాక్సులు రెండు జతలు కొనిపెట్టు, పిల్లకి కాదు, నాకు.

అందాకా ఉంటాను.

నీ పిన్ని
వసుమతి