సగం మీసం

లాయరు బావగారికి,

మీరు చెప్పినట్టే నిన్న మా ఖాళీ స్థలానికి వెళ్లాను. మూలన రేకుల కింద సెలూన్ పెట్టుకున్న ఆ మహానుభావుణ్ణి ఖాళీ చెయ్యమన్నాను. కాకపోతే, ఎలాగూ వెళ్లాను కదా అని పనిలో పనిగా ముందు గడ్డానికి కూర్చున్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

అతను ఒక చెంప నున్నగా గీసి, అటువైపు మీసం కత్తిరించాక గట్టిగా చెప్పాను. "ఈ స్థలం మాది. ఈ క్షణం నుంచి ఇక్కడ నీ పని సాగడానికి వీల్లేదు."

అతను కత్తి తుడిచి డబ్బాలో పెట్టేశాడు. "అలాగేనండి."

"మరి రెండోవైపు?"

"మీరే వద్దన్నారు కదండీ."

ఆ మొహంతో బజారు దాటి ఇంటికెలా వెళ్లను? మీ చెల్లెలి నోరు మీకు తెలియనిదా? అందుకే, అతను అక్కడ పని చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదని కాగితం రాసి సంతకం పెట్టాను. ఎన్నాళ్లో రాయడం మరిచిపోయాను.

మీసం మాత్రం భలే కుదిరింది. అంత చక్కగా గీసే చెయ్యి ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

ఆ కాగితం చెల్లకుండా చేసే దారేదైనా ఉంటే వెంటనే రాయండి. గడ్డం అప్పుడే గరుకెక్కుతోంది.

ఇట్లు,
మీ చెల్లెలి మొగుడు