బియ్యం డబ్బాలో నవల

చిక్కడపల్లి,
ఆగస్టు 1994.

శ్రీవారికి మహేశ్వరి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమే. అలా రాయడం అలవాటు కాబట్టి రాశాను. నిజానికి నాకు నడుం పట్టేసింది, నిద్ర లేదు. రాయగడలో వానలు తగ్గాయా? మీరు అడిగిన దుప్పటి సుల్తాన్ బజార్‌లో కొన్నాను, ఎవరైనా అటు వస్తే పంపిస్తాను.

అత్తమ్మ తింటోందా అని అడిగారు. పక్షవాతం వచ్చిన చెయ్యి, కాలు అలాగే ఉన్నాయి. నారాయణగూడ డాక్టరు గారు చూసి, "తిన్నన్ని రోజులు తినిపించమ్మా" అని వెళ్లిపోయారు. మొన్నమొన్నటిదాకా చెంచా చూస్తేనే మొహం తిప్పుకునేది. ఇప్పుడు తింటోంది. ఎందుకో చెప్తాను, నవ్వకండి.

మా గురువారం చదువుల సంగతి మీకు తెలుసుగా. పైవాటాలో ప్రేమ టీచరు, పక్కింటి భూదేవి, నేను. మధ్యాహ్నం మన ముందు గదిలో కూర్చుంటే ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్లం వింటాం. ఈసారి ఒక పాత ఇంగ్లీషు నవల అనువాదం అనుకున్నాం. లైబ్రరీలో ఉన్నది ఒక్కటే కాపీ, అదీ ఎవరి దగ్గరో ఉండిపోయింది. కొండ మీద పెద్ద బంగళా, కొత్త కోడలు, మేడపైన ఎప్పుడూ తాళం వేసి ఉండే గది, లోపలి నుంచి మూలుగు. ప్రేమకు తెలిసిన కథ అంతే. గదిలో ఎవరున్నారా అని పుస్తకం రాకముందే మా వాదులాట.

"దయ్యమే ఉంటదక్కా, ఇంకెవరుంటరు," అంది భూదేవి.

తెర వెనక మంచం మీది నుంచి అత్తమ్మ అందుకుంది. "దయ్యం గాదు. తల్లి అయ్యుంటది. ముసల్ది మంచాన వడ్డదని తాళమేసిన్రు."

మా ముగ్గురం తెర వైపు తిరిగాం.

ఆనాటి నుంచి ఆమెకు ఆ గదే లోకం. జావ తాగిస్తుంటే "పుస్తకమొచ్చిందా?" అంటుంది. రాలేదంటే గుక్కగుక్కకూ లోపలి మనిషిని మారుస్తుంది. ఒకసారి దొంగ, ఒకసారి తప్పిపోయిన బిడ్డ. ఈలోగా గిన్నె ఖాళీ అవుతుంది.

ఇక మీకు చెప్పలేకపోతున్న మాట. పుస్తకం ఎప్పుడో వచ్చింది. నేనే తెచ్చి బియ్యం డబ్బాలో దాచాను. గదిలో ఎవరో తెలిసిపోతే మళ్లీ నోరు తెరవదని భయపడ్డాను. కానీ ఎత్తి దింపి, గుడ్డలు ఉతికి, నా చేతులు ఇక లేవని రోజున ఇంకో ఆలోచన వచ్చింది. చివరి పేజీలు చదివేస్తే ఈమె ఎదురుచూపు తీరిపోతుంది, నాకూ నిద్ర దొరుకుతుంది అనుకున్నాను. మీ అమ్మ గురించే అనుకున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టండి.

నిన్న నిజంగానే డబ్బా మూత తీశాను. పుస్తకం దులిపి, పట్టుకెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. అత్తమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. అక్కడి నుంచి వంటిల్లంతా కనిపిస్తుందని నాకు తట్టనే లేదు.

"బియ్యంల పెడితే పురుగు వడ్తది బిడ్డా. నా దిండు కింద పెట్టు," అంది. "మస్తు అలసిపోయినవ్, జర పండుకో. మావోడు వచ్చినంక సదువుదువు తీ."

ఆమె కాళ్ల దగ్గర తల పెట్టి ఏడ్చాను. అలాగే నిద్రపోయాను కూడా.

పుస్తకం దిండు కిందే ఉంది. లైబ్రరీలో గడువు పెంచమని అడిగి వస్తున్నాను, ఎన్నాళ్లు పెంచుతారో తెలియదు. సెలవు దొరకలేదని ఈసారి రాయకండి. మీరు వచ్చేదాకా మొదటి పేజీ తెరవం.

ఇట్లు,
మీ రాక కోసం చూసే మీ భార్య,
మహేశ్వరి