బావ పడవలో గరగర

సెప్టెంబర్ 11
బావ పోయి మూడో రోజు. ఆ రాత్రి గాలి హెచ్చరిక రేడియోలో విని మా మహదియా రేవు పడవలన్నీ వెనక్కి వచ్చేశాయి. మొన్సెఫ్ బావ పడవ ఒక్కటే రాలేదు. నిన్న సముద్రమే ఆయన్ని ఒడ్డుకు చేర్చింది. నాజిహా అక్క ఇంటినిండా జనం. పళ్ళేలు కడిగాను. ఏడుపు రాలేదు.

సెప్టెంబర్ 14
పనికి వెళ్ళాను. చేపల్ని పైకి రప్పించే ఎల్‌ఈడీ దీపాలు చేస్తాం. బ్యాటరీ కరెంటును దీపానికి సరిపడేలా మార్చే కన్వర్టర్ డిజైన్ నాది. మొదటి సెట్ ఆగస్టులో బావే అడిగి మరీ పట్టుకెళ్ళాడు. మిగిలిన పద్నాలుగూ ఈ వారమే వెళ్ళాయి.

సెప్టెంబర్ 17
మా దీపాలు కొత్తగా బిగించుకున్న తిజానీ వచ్చాడు. వెలిగిస్తే రేడియో గరగరమంటోందట, ఆర్పితే మామూలేనట. వెళ్తూ వెళ్తూ చెప్పాడు.

సరే అన్నాను. బావ పడవలోనూ ఇవే దీపాలు.

సెప్టెంబర్ 18, ఉదయం 10
తిజానీ పడవ ఎక్కాను. వర్క్‌షాపు బెంచ్ మీద మేం మీటరు పొడవు తీగతో పరీక్షిస్తాం. అన్నీ పాస్. పడవలో ఆ తీగను ఏడు మీటర్లు పొడిగించి, రేడియో యాంటెన్నా కేబుల్‌తో కలిపి వలదారంతో నీటుగా కట్టారు. ఇక్కడ అందరూ అలాగే కడతారు. మా నాన్న పడవలోనూ అంతే. తెలిసీ నేను మీటరు తీగతోనే కొలిచాను.

కన్వర్టర్ సెకనుకు రెండు లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. ఆ గోలంతా పొడుగు తీగ ఎక్కి రేడియోలో దూరింది. ఐదు మైళ్ళు వెళ్ళి, దీపం వెలిగించి, రేవు ఆఫీసును పిలిచాను. గరగర తప్ప ఏమీ లేదు. ఆర్పాను. వినబడుతోందా అని వాళ్ళు నన్నే అడుగుతున్నారు.

సెప్టెంబర్ 19
యజమాని లస్సాద్‌కు చెప్పాను. గాలి మన వర్క్‌షాపులో పుట్టలేదుగా అన్నాడు. కొత్తవాటికి సరిచెయ్, పాతవాటి గురించి నోరెత్తకు హాజర్ అన్నాడు. కోపం రావాలి. రాలేదు.

సెప్టెంబర్ 26
కన్వర్టర్ ఆన్ నుంచి ఆఫ్‌కు మారే కుదుపుల్ని కాస్త నెమ్మది చేశాను. దీపం వైపు ఫిల్టర్ పెట్టాను. తీగను, గోలను మింగేసే ఫెర్రైట్ రింగులో మూడు చుట్లు తిప్పాను. ఈసారి ఏడు మీటర్లతో కొలిచాను. గరగర పోయింది. మొత్తం సామాను గుప్పిట్లో పడుతుంది.

అక్టోబర్ 3
లస్సాద్‌కు చెప్పకుండా పడవ పడవకీ వెళ్ళి బిగిస్తున్నాను. తొమ్మిదయ్యాయి.

అక్టోబర్ 18
బావ పోయి నలభయ్యో రోజు. కుస్కుస్ వడ్డనలయ్యాక వంటింట్లో అక్కకు అంతా చెప్పేశాను. నా కొలత, నా తప్పు. అక్క గిన్నె తుడుస్తూనే ఉంది.

"తెలుసే" అంది. "ఆ గరగర పడలేక దీపాలు వెలిగించగానే రేడియో కట్టేసేవాడు. హాజర్‌కి చెప్పరాదా అన్నాను. మరదలు చేసిచ్చినదానికి వంక పెడితే చిన్నబుచ్చుకుంటుంది, వద్దులే అన్నాడు."

గిన్నె నా చేతికిచ్చి పై అరలో పెట్టమంది. పెట్టాను.

అక్టోబర్ 21
పద్నాలుగో పడవా అయింది. ఇంకేం బాగాలేదో చెప్పమని ప్రతివాణ్నీ అడిగాను. అందరూ బాగుందనే అన్నారు.