సుకు గడ్డి మేసిన ఏడు

ఒకినావా,
1961 సెప్టెంబరు 20

తమ్ముడు సెయ్‌జున్‌ను అన్న చోకి ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అమ్మ తప్ప అందరం క్షేమం. ఒసాకాలో నువ్వూ, నీ ఫ్యాక్టరీ ఉద్యోగమూ క్షేమమని తలుస్తాను. అమ్మ పోయింది. నలభై తొమ్మిదో రోజు కర్మ నిన్ననే అయింది. రావాలని తొందరపడకు, చూడటానికి ఏమీ మిగల్లేదు.

ఇంటికి రావచ్చా అని ఆరేళ్లుగా ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. వద్దు. ఊరు ఏదీ మరిచిపోలేదు. ఈసారి ఆరో నెల అమావాస్యకు సుకు చేపపిల్లలు దండిగా వచ్చాయి. పగడపు దిబ్బ దాటి లోపలికొచ్చి సముద్రపు గడ్డి మేసి చేదెక్కకముందే వల వేశాం. ఉప్పులో ఊరేస్తే పద్దెనిమిది జాడీలు నిండాయి. నిన్న కర్మ భోజనాల్లో టోఫు ముక్క మీద ఒక్కో చేప పెట్టి వడ్డిస్తుంటే నీ మాట రానే వచ్చింది. "కాపలా పెడితే చేపలకంటే ముందు వాడే గడ్డి తిన్నాడు గదరా" అని షోయే మామ అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. "చేపల పొట్టలు చేదెక్కి గంపలకు గంపలు పారబోశాం. ఆ ఏడు మా పిల్లలు చిలగడదుంపలు తిని బతికార్రా" అని అత్త అందుకుంది. నేనూ నవ్వాను.

చేపలు కనబడగానే రాతి మీద నిలబడి ఎర్రగుడ్డ ఊపడమే కదా నీ పని! అదీ చేతకాక నిద్రపోయావని నాన్న నీ మొహం చూడకుండానే కన్నుమూశాడు. వల పెద్దరికం నీకే ఇవ్వాలనుకున్నవాడు, నా చేతిలో పెట్టి పోయాడు. నీ కళ్లు చురుకని చిన్నప్పటి నుంచీ ఒకటే పొగడ్త. వినీ వినీ నాకు ఒళ్లు మండేది.

అమ్మ బట్టలు పంచేశాం. నీకు పంపడానికేమీ లేదు.

ఇట్లు,
నీ అన్న
చోకి

తా.క. ఆ రోజు నువ్వు నిద్రపోలేదు. ఎర్రగుడ్డ రెండుసార్లు ఊపావు. నువ్వు ఊపగానే లేపుతానని మిగతావాళ్లు నన్ను నమ్మి కునుకు తీస్తున్నారు. నేను చూశాను. చూసి, వల చిరుగు కుట్టుకుంటూ తల వంచుకున్నాను. పోటు వచ్చి చేపలు దిబ్బ దాటేదాకా ఎత్తలేదు. "నేను ఊపానన్నా, ఒట్టన్నా" అని నువ్వు ఏడుస్తుంటే నీ చెంప పగలగొట్టిందీ నేనే. ఊళ్లో చెప్పుకుంటే చెప్పుకో, ఎవరూ నమ్మరు. అమ్మకు మాత్రం మంచం పట్టాక చెప్పేశాను. తిట్టలేదు. "వాణ్ణి పిలిపించరా, ఒక్కసారి వాడి చేతులు పట్టుకోవాలి" అంది. ఉత్తరం రాశానన్నాను. పదకొండు రోజులు గుమ్మం వైపే చూసింది. ఆ ఉత్తరం ఇదే.