బ్యాడ్జీల సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదు

ఏమండీ, పాపకు టీకా వేయించడానికి వెళ్తున్నాను. కొత్త కంప్యూటర్లో ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఎక్కిందనే చూపించింది, తెర మీద దాని బొమ్మ కూడా వచ్చింది. నొక్కితే మాత్రం గిర్రున తిరిగి మాయమైపోతోంది. మూడుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను. పాతదాంట్లో శుభ్రంగా నడిచినది ఇందులో ఎందుకు నడవదో నా బుర్రకు అందడం లేదు. రాగానే చూడండి. సాయంత్రానికి నలభై స్కూలు బ్యాడ్జీలు కుట్టివ్వాలి, నన్ను నమ్మి ఇచ్చిన మొదటి ఆర్డరు. మీ అక్కను మాత్రం అడక్కండి. "తొమ్మిదో తరగతితో ఆపేసినదానికి కంప్యూటరెందుకురా" అన్నది ఆవిడే.

అన్నం మీద మూత పెట్టాను, తిన్నాకే కూర్చోండి.

ఇంకోటి. సాఫ్ట్‌వేర్ అమ్మినాయన పాత కంప్యూటర్ వెనక పెన్‌డ్రైవ్ లాంటి వేలెడంత ఎర్రలైటు పుల్ల, తాళంచెవో ఏదో అంటూ గుచ్చి వెళ్లాడు కదా, పాప నోట్లో పెట్టుకుంటుందని దాన్ని పీకి జ్వరం మందుల డబ్బాలో దాచాను. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉంటుందా?