ఎక్కడికని అడిగే ఊరు

ఈశాన్య థాయిలాండ్‌లో ఒక పల్లె,
అక్టోబరు 4, 1999

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

నమస్కారాలు. నేను క్షేమం. హౌగాంగ్ ఫ్లాట్‌లో మీరూ అలేఖ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. రెండు వేల సంవత్సరం వచ్చేస్తోందని ఇక్కడి రైసుమిల్లు కంప్యూటర్లకు నచ్చజెప్పడమే నా పని. అది పూర్తయితేగాని కంపెనీ నన్ను మీ దగ్గరికి, సింగపూర్ పంపదు. నెలాఖరున అలేఖ్య పురిటికి పక్కనుండాలని నా ఆరాటం.

మిల్లుకు వెళ్లాలంటే పికప్ వ్యానే దిక్కు. వెనకాల రెండు బల్లలు, పైన రేకు. మనుషులూ కోళ్లూ బస్తాలూ అందులోనే. దిగాలంటే నెత్తిమీది మీట నొక్కాలి, డ్రైవరు దగ్గర గంట మోగుతుంది. సరదాగానే ఉంది. చిక్కల్లా ఒకటే. గడప దాటగానే ఇంటావిడ, వీధిలో కొట్టతను, చివరికి వ్యాను డ్రైవరు ప్రసెట్ కూడా "ఎక్కడికి?" అంటారు! వాళ్ల భాషలో ఆ మాటకు అర్థం అదేనని మిల్లు గుమాస్తా చెప్పాడు. ఏం చెయ్యమంటారు?

మీ అల్లుడు,
సాంబశివరావు

తా.క. అలేఖ్యకు చెప్పకండి, నవ్వుతుంది.

హౌగాంగ్,
అక్టోబరు 9

చిరంజీవి అల్లుడుగారికి దీవెనలు.

మీ ఉత్తరం అలేఖ్యకు చదివి వినిపించాను. నవ్వింది. నేను నవ్వలేదు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్లిన పని చెడుతుంది. అడిగిన ప్రతిసారీ వెనక్కొచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరండి. పురిటి రోజుల్లో మొండికెయ్యకండి.

మీ అత్త,
తారాదేవి

తా.క. కోళ్లకు టిక్కెట్టుందా?

అదే పల్లె,
అక్టోబరు 17

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే మధ్యాహ్నందాకా నీళ్లు తాగుతూ కూర్చున్నాను. మొన్న ప్రసెట్ ఎక్కడికని అడిగాడని నేను దిగి వెనక్కొచ్చేసిన వ్యాను కాలవగట్టున ఇరుసు విరిగి కూలబడింది. నాకు ముందే తెలుసని ఊరంతా నమ్మేసింది! ఇప్పుడు నేను ఎక్కితేగాని ఎవరూ ఎక్కరు. నేను దిగితే కోళ్లతో సహా అందరూ దిగిపోతున్నారు. కూలీలు రాక మిల్లు ఆగిపోయింది. ఓనరు లబోదిబోమని తన కారే పంపాడు.

గుమాస్తా నవ్వి అసలు సంగతి చెప్పాడు. మనం "భోంచేశారా?" అన్నట్టే వీళ్లు "ఎక్కడికి?" అంటారట. జవాబు కోసం ఎవరూ ఆగరు. ఈ పట్టింపు ఇక వదిలేద్దాం అత్తయ్యగారూ. నా పని ఈ వారంలో పూర్తవుతుంది, వచ్చే శనివారం బయల్దేరుతున్నాను. అలేఖ్యను ఆస్పత్రికి నేనే తీసుకెళ్తాను.

మీ అల్లుడు,
సాంబశివరావు

తా.క. ఒళ్లో కూర్చుంటే కోడికి టిక్కెట్టు లేదు.

హౌగాంగ్,
అక్టోబరు 23

చిరంజీవి అల్లుడుగారికి,

మీరు వచ్చేసరికి ఇంట్లో ఎవరమూ ఉండం. అందుకే ఇది తలుపుకు అంటించి వెళ్తున్నాను. మీ ఉత్తరం ఇవాళే అందింది. మొన్న అందినా బాగుండేది.

నిన్న పొద్దున్నే అలేఖ్యకు నొప్పులొచ్చాయి. టాక్సీ ఎక్కించాను. డ్రైవరు వెనక్కి తిరిగి "ఆంటీ, వేర్ గో?" అన్నాడు. ఇంకేముంది, దింపేసి, పైకి తీసుకెళ్లి, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. రెండో టాక్సీవాడూ అదే మాట! మూడోది వచ్చేలోపే బ్లాకు కింద, పోస్టు డబ్బాల పక్కన, మీకు కూతురు పుట్టేసింది. కిందింటి మలాయ్ ఆవిడ దేవతలా ఆదుకుంది. తల్లీపిల్లా ఆస్పత్రిలో క్షేమం. మీరు పక్కన లేరని నాకే ఏడుపొచ్చింది. అలేఖ్య నాతో మాట్లాడటం లేదు.

మీ అత్త,
తారాదేవి

తా.క. కింద టాక్సీ ఎక్కగానే, వాడు నోరు తెరవకముందే ఆస్పత్రి పేరు మీరే చెప్పేయండి.